మేనమామ వాటా

పేరిందేవి చెవులకి చిల్లుల్లేవంట. ఇరవయ్యేళ్ళ పిల్ల, బస్తా ఎత్తమంటే ఎత్తిద్ది, ఎద్దుని పట్టమంటే పట్టిద్ది, చెవులు మాత్రం పుట్టినప్పుడు ఎట్టున్నయ్యో అట్టే ఉన్నయ్యి, మూసిన తలుపుల్లాగా. ఎందుకట్టా అంటారా? దాని మేనమామ గురవయ్య దయ. ఏమైందంటే, పిల్లకి ఏడాది నిండకముందే చెవులు కుట్టిద్దామని వాళ్ళమ్మ వెంకాయమ్మ పీట వేసిందంట. మేనమామ ఒళ్ళో కూచోబెట్టి కదా కుట్టించాల. అన్నకి కబురు పెట్టింది, కొత్త పంచె పెట్టింది, ముందర విస్తరి ఆయనకే వేసింది. ఆ విస్తట్లో పడ్డ గారెకి చిల్లు లేదంట. నూనెలో పొంగి మూసుకుపోయిందో, చంటిది ఏడుస్తుంటే ఆ తల్లి వేలు పెట్టడం మర్చిపోయిందో. ఆ వైపు చిల్లు లేని గారె దినాలకే వేస్తారు. "బతికున్నోణ్ణి, నాకు దినం గారె వేస్తావటే?" అని విస్తరిని కాలితో తన్ని లేచిపోయాడంట. ఒక్క గారె! గారెకి చిల్లు లేదని ఆడపిల్ల చెవికి చిల్లు లేకుండా చేశాడు మహానుభావుడు.

ఇంకెవరితోనన్నా కుట్టించొచ్చుగా అంటావు నువ్వు. అనడం తేలికేలే. కంసాలి బ్రహ్మయ్య సూది పట్టుకోనన్నాడు. మేనమామ ఒడి లేకుండా కుడితే ఇంటికి అరిష్టమన్నారు పెద్దలు. వెంకాయమ్మ మొగుడు పిల్ల నడక నేర్చేలోపే పోయాడు, పొలం దున్నేది అన్న ఎడ్లు, గింజ ఇల్లు చేరాలంటే అన్న మాట, ఇంక ఆవిడ నోరెత్తేది యాడ? ఏటా పోయి అన్న గడపలో నిలబడేదంట. "చూద్దాంలే" అనేవాడంట. చూద్దాంలే, చూద్దాంలే అంటానే పిల్ల ఎదిగిపోయింది. పెళ్ళిచూపులకొచ్చినోళ్ళు మొహం చూసి నవ్వేవాళ్ళు, చెవులు చూసి లేచేవాళ్ళు. పేరంటాల్లో హారతి పళ్ళెం దీని చేతికిచ్చేవాళ్ళు కాదు. ఒకసారి పేరిందేవే తుమ్మముల్లుతో పొడుచుకుని వేపపుల్ల పెట్టుకుందంట. గురవయ్యకి తెలిసింది. వచ్చాడు. పుల్ల లాగి అవతల పారేశాడు. "నా చెయ్యి పడకుండా ఈ చెవికి చిల్లేంది?" అన్నాడు. నాలుగు రోజుల్లో పూడిపోయింది. మళ్ళీ పొడుచుకుంది. ఈసారి లాగేసింది ఎవరనుకున్నారు? కన్నతల్లే. అన్న ఎడ్లు తోలుకుపోతాడని భయం. అదీ పూడిపోయింది. లాగినోళ్ళందరికీ పూడిపోయే చెవులనుకో అయ్యి.

ఇప్పుడు వినండి. గురవయ్య పెళ్ళాం కాలం చేసింది. సంవత్సరీకం అయిందో లేదో పెద్దమనిషి మీసం దువ్వి కబురంపాడంట, చెల్లెలా, నా మనసు కరిగింది, పిల్ల చెవులు కుట్టిస్తా, చెవికి బంగారం పెట్టిన చెయ్యే మెడలో పుస్తె కట్టిద్ది, రెండూ ఒక్క పీట మీదే అయిపోతే ఖర్చు కూడా కలిసొచ్చిద్ది అని. విన్నారా? కలిసొచ్చిద్దంట! ఇన్నేళ్ళూ ఎవ్వడూ గడప తొక్కకుండా చేసినోడు, ఇప్పుడు ఎవ్వడూ రాలేదు కాబట్టి నేనొస్తానంటాడు. ఇట్టాంటోళ్ళకి కోపం కూడా వృథా పోదమ్మా, దాచిపెట్టుకుని వడ్డీతో తింటారు. వెంకాయమ్మ కళ్ళు తుడుచుకుంటా కూతురికి చెప్పిందంట. "మామే కదే, వరసైనోడే కదా" అందంట. "వరస నాకూ తెలుసు. వయసు నీకూ తెలుసు" అందంట పేరిందేవి. "మరి ఏం చేద్దామే?" "నువ్వేం చెయ్యమాకు. సరేనని కబురంపి, గారెలకి పప్పు నానెయ్యి."

పట్టపగలు, అందరూ చూస్తుండగానే, చెప్పు తెగిందని ఎర్రమ్మ గుడిసెకి పోయింది. ఎర్రమ్మ ఊరి చివర చెప్పులూ, నీళ్ళు తోడే మోటతోళ్ళూ కుట్టే మనిషి. "ఎర్రమ్మక్కా, తోలుకి చిల్లు పొడిస్తే పూడిద్దా?" అందంట. "ఆరె సూదితో పొడిస్తే మళ్ళా బిగుసుకునిద్దమ్మా. ఇదిగో, ఈ గొట్టంతో పొడిస్తే ముక్క ఊడొచ్చిద్ది. ముక్క పోయినాక ఇంకేం పూడిద్ది?" అని చూపించింది. కందిబద్దంత నోరున్న ఇనపగొట్టం, చివర గుండ్రంగా పదును. పేరిందేవి చెవి ముందుకు పెట్టింది. "పొడువు." ఎర్రమ్మ ఆమడ దూరం జరిగిందంట. "నీ చెవి ముట్టుకుంటే మీవోళ్ళు నా చెయ్యి ఉంచుతారా తల్లీ? నీ కోపానికి నన్ను బలిస్తావా?" ఆ మాటకి పేరిందేవి తల దించుకుంది. నిజమే కదా. తర్వాత అంది, "నువ్వు ముట్టుకోమాకక్కా. చూపించు చాలు." ఎర్రమ్మ గొట్టాన్ని పొయ్యిలో ఎర్రగా కాల్చి చల్లార్చింది, పసుపు వేసి నీళ్ళు మరగబెట్టింది, తోలుముక్క మీద చేసి చూపించింది, వెనక చెక్క పెట్టాల, గొట్టం నిలబెట్టాల, నొక్కి తిప్పాల. కుండలో నీళ్ళల్లోకి చూసుకుంటా పేరిందేవి నొక్కి తిప్పింది. ముల్లు పొడుపు కాదమ్మా అది. కరకరమని చప్పుడు, ఆ చప్పుడు ఎర్రమ్మకి వినపడలేదు, ఎవరి చెవో వాళ్ళకే వినపడింది. నెత్తురు భుజం మీదికి కారింది. రెండో చెవికి ఆనించింది. మొదటిసారి నొప్పి తెలీదు, రెండోసారి తెలుసు. తెలిసి కూడా తిప్పింది, అదీ మాట. చిల్లుల్లో తాటాకు చుట్టి పెట్టుకుంది. గొట్టంలో ఇరుక్కున్న ముక్కల్ని ఎర్రమ్మ పుల్లతో పొడిచి ఆకులో వేసింది, ఎర్రగా, కందిబద్దలంతేసి. "పారెయ్యనా?" అందంట. "వద్దక్కా. వాటికి హక్కుదారుడున్నాడు" అని పసుపు అద్ది కొంగున ముడేసుకుంది.

ఇంటికొచ్చి తలకి గుడ్డ చుట్టుకుని చెవిపోటంది. కానీ తల్లి కదా, దిండు మీద మరక చూసింది. ముహూర్తం ముందురాత్రి పిల్ల పడుకున్నప్పుడు గుడ్డ జరిపింది. తాటాకు మీదికి చెయ్యి పోయింది, పాత అలవాటు. పేరిందేవి కళ్ళు మూసుకునే అంది, "లాగమ్మా. లాగినా పూడదు." వెంకాయమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయిందంట. గుడ్డ సర్ది, పోయి పప్పు నానేసుకుంది.

ముహూర్తం రానే వచ్చింది. గురవయ్య కొత్త పంచె కట్టి పీట మీద కూచున్నాడు, పక్కన పళ్ళెంలో పుస్తె, కమ్మలు, బియ్యం. కంసాలి బ్రహ్మయ్య సూదికి పదును పెడుతున్నాడు. వీధంతా వచ్చి నిలబడింది. "రావే అమ్మాయ్, కూచో" అని ఒడి తట్టి చూపించాడంట. ఇరవయ్యేళ్ళ పిల్లకి! ఒక్క పెద్దమనిషన్నా అడ్డం చెప్పాడా? అందరూ తమలపాకులు నములుతున్నారు. పేరిందేవి కూచోలేదు. నిలబడే తలగుడ్డ విప్పింది, తాటాకు చుట్టలు తీసింది. బ్రహ్మయ్య చెవి పట్టుకుని వంగి చూసి, "గురవయ్యా, ఇందులోంచి నువ్వు కనపడతన్నావు" అన్నాడంట. కిసుక్కుమని ఎవరో నవ్వారు. గురవయ్య కమ్మ తీసి ఆ చిల్లులో పెట్టబోతే జారి కిందపడింది. "ఎవరు చేశారే?" "నేనే." "పూడ్చండి! పసుపు పెట్టి పూడ్చండి దాన్ని! మళ్ళీ నా చేత్తో కుట్టాల!" అని ఎగిరాడు. "పూడ్చడానికి కండ ఉండాల కదా మామా" అని కొంగుముడి విప్పిందంట. ఎండిపోయిన ఆ రెండు బద్దల్నీ పళ్ళెంలో, పుస్తె పక్కన వేసింది. "ఇయ్యిగో. నా చెవుల్లో నీ వాటా ఇంత. లెక్క సరిపోయింది. కట్టుకుంటానంటే వీటికే కట్టుకో పుస్తె, పక్కనే ఉన్నయ్యి."

గురవయ్య మొహం చూడాల! "చెల్లెలా, నీ కూతురు నోరు చూశావా? రేపు మీ పొలంలో నా నాగలి దిగిద్దేమో చూస్తా!" అన్నాడంట. అందరూ వెంకాయమ్మ వంక చూశారు. పేరిందేవి కూడా చూసింది, ఇన్నేళ్ళు పుల్ల లాగిన ఆ చేతుల వంక. వెంకాయమ్మ వంటింట్లోకి పోయింది. నూనె చుయ్యిమంది. వేడివేడిగా ఒక్క గారె విస్తట్లో పెట్టుకొచ్చి అన్న ముందర పెట్టింది. గుండ్రంగా, ఎర్రగా, చిల్లు లేకుండా. "అప్పుడు పొరపాటున పడిందన్నా. ఇప్పుడు చూసే వేశా. తిని పో" అందంట.

తిన్నాడా అంటారా? ఏమో, ఎడ్లనైతే తోలుకుపోయాడంట. ఆ ఏడు తల్లీకూతుళ్ళు కాడికి చెరో పక్కన భుజం పెట్టి గుంటక లాగారంట, పండింది సగమే, తిన్నది మాత్రం సొంత గింజ. పేరిందేవి ఆ చిల్లులకి బొటనవేలంత కొయ్యదుద్దులు పెట్టుకుని తిరిగేది, అరపొలం అవతల్నుంచి కనపడేయంట. ఇప్పటికీ ఆ ఊళ్ళో పిల్ల పుడితే మేనమామలు పిలవకముందే కమ్మలు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. విస్తట్లో ఏ గారె పడినా కిక్కురుమనకుండా తింటారంట. ఏమయ్యా, నీ మేనకోడలు పుట్టి ఎన్ని నెలలైంది? మరి ఇంకా ఈడ కూచుని కథలు వింటన్నావేంది, లే!