కుట్టుమిషను నూనె తాగిన రోబో

బస్టాపు పక్కనున్న టీ కొట్టులో ఒకటే బల్ల. ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా దానిమీద నలుగురం చేరతాం. టైలరు, రిటైరైన లెక్కల మాస్టారు, ఇస్త్రీ బండి పెట్టుకున్న నేను, కుట్టుమిషన్లు బాగుచేసే మేస్త్రి. ఆయన అసలు పేరు ఎవరూ వాడరు. సూది దూరే సందు దొరికితే గునపం దూర్చేస్తాడని గునపం మేస్త్రి అంటాం. తన చేతి బలం చూసి ఆ పేరు పెట్టారని ఆయన నమ్మకం.

ఆ ఆదివారం మేస్త్రి టీ గ్లాసు అందుకుని తాగకుండా పట్టుకు కూర్చున్నాడు. అలా కూర్చున్నాడంటే కడుపులో కథ ఉందన్నమాటే.

"నిన్న రోబోల పోటీకి వెళ్లొచ్చాను," అన్నాడు.

"చూడ్డానికా?" అంది టీ కొట్టు అక్క.

"చూడ్డానికేనక్కా. నేనెప్పుడైనా నా అంతట నేను వేలు పెట్టానా? చెప్తా వినండి. మా అక్క కూతురుంది కదా, తొమ్మిదో తరగతి, ఇంట్లో మిక్సీ విప్పేసి మళ్లీ బిగిస్తే రెండు స్క్రూలు మిగిలాయే, ఆ పిల్ల. అదీ ఇంకో నలుగురూ కలిసి బళ్లో ఒక రోబో చేశారు. మనిషిలా ఉంటుందనుకునేరు, అదేం కాదు, మోకాలెత్తు నాలుగు చక్రాల బండి, ముందు బంతులు లాక్కునే రోలరు, పైన వాటిని విసిరే చక్రం. అసలు పోటీలు వచ్చే నెల. ఈలోపు ఉత్తుత్తి పోటీ ఒకటి పెట్టారు, ఎవరి రోబో ఎక్కడ నడుం పట్టేసి కూలబడుతుందో ముందే తెలియాలని. జట్టుతో పెద్దవాళ్లు ఇద్దరు రావాలిట. ఒకరు వాళ్ల సైన్సు టీచరు. రెండో మనిషిగా మా అక్క వెళ్లాలి, ఆవిడకేమో ఆసుపత్రిలో డ్యూటీ పడింది. 'తమ్ముడూ, నువ్వెళ్లు, ఊరికే కూర్చో, దేన్నీ ముట్టుకోకు' అంది."

"ఆ చివరి మాట ఎందుకందో?" అన్నాడు టైలరు.

"ప్రేమయ్యా. ఎక్కడ నా చేతికి దెబ్బ తగులుతుందోనని."

టీ కొట్టు అక్క గిన్నెలోకి చూస్తూ నవ్వుకుంది.

"సరే, వెళ్లాం. పెద్ద హాలు. మధ్యలో మెత్తటి చాపలు పరిచి, చుట్టూ జానెడెత్తు గోడ పెట్టారు. పదహారు జట్లు, జట్టుకో బల్ల. రెండేసి జట్లు జోడీ కట్టి ఆడాలి. మొదటి ముప్పై సెకన్లు రోబో తనంతట తానే ఆడాలి, ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. తర్వాత రెండు నిమిషాలు పిల్లలు రిమోటుతో ఆడిస్తారు. బంతులు ఏరాలి, బుట్టలో వెయ్యాలి, ఆఖర్న పైనున్న కడ్డీ పట్టుకుని వేలాడాలి. అదీ ఆట. మొదటి ఆటలో మనది… ఆ, మొదటి ఆట సంగతి వదిలేయండి, అది లెక్కలోకి రాదు."

"ఎందుకు రాదు?" లెక్కల మాస్టారికి లెక్క తప్పితే తోచదు.

"ఉత్తుత్తి పోటీలో మొదటి ఆట మాస్టారూ! ఉత్తుత్తిలో ఉత్తుత్తి. రెండో ఆటకి రండి. మా పిల్ల నేలమీద బోర్లా పడుకుని చూస్తోంది, ఎడమ చక్రం ఊగుతోంది. లోపల బుల్లి స్క్రూ ఒకటి వదులైంది. వాళ్ల దగ్గరున్న స్క్రూడ్రైవరేదీ దానికి పట్టట్లేదు. నా జేబులో ఎప్పుడూ ఒకటి ఉంటుంది కదా, మిషన్లో దారపు కండె పెట్టే బాబిన్ కేసుకి వాడేది. ఇచ్చాను. బిగించుకుంది. జరిగింది ఇంతే."

"ఇంతేనా?" టైలరు మొహం చిన్నబోయింది.

"ఇంతే అయితే నా టీ ఎందుకు చల్లారబెట్టుకుంటాను? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ జేబులోనే నూనె సీసా ఉంది. కుట్టుమిషను నూనె. పోనీలే పాపం అని చక్రానికి ఒక్క చుక్క వేశాను. ఈల ఊదారు. చూస్తే రోబో లేదు! అందరూ కుర్చీల కిందా బల్లల కిందా వెతుకుతున్నారు. అదప్పటికే అవతలి గోడ తాకి ఇవతలికి వచ్చేస్తోంది. ఆ గాలికి రిఫరీ టోపీ ఎగిరిపోయింది. వెళ్తూ ఎగరగొట్టింది, వస్తూ మళ్లీ నెత్తిమీద పెట్టింది."

"సరిగ్గా నెత్తిమీదే?" అన్నాను నేను.

"కాస్త వంకరగా పడింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?"

"పాయింట్లెన్ని?" అన్నారు మాస్టారు.

"మీరు నేర్పిన లెక్కల్లో ఆ సంఖ్యకి పేరు లేదు మాస్టారూ. స్కోరు బోర్డు నిండిపోయింది, పక్క గదిలోంచి నల్లబల్ల తెచ్చారు, అదీ నిండింది, గోడమీద రాయడం మొదలెట్టారు, గోడ అయిపోతే మూల తిరిగి రెండో గోడమీదికి పోయారు. మధ్యలో ఒక బంతి కిటికీలోంచి బయటికి పోయింది. పోతే పోయిందిలే అనుకున్నాం. అది ఊరుకుందా? భవనం చుట్టూ తిరిగి, గేటు దగ్గర వాచ్‌మన్‌ని దాటుకుని…"

"వాచ్‌మన్ ఆపలేదా?"

"ఎందుకాపడు? ఆపి, రిజిస్టరులో సంతకం పెట్టమన్నాడు. అక్కడే రెండు సెకన్లు ఆలస్యమైంది. లేకపోతే ఇంకా ముందొచ్చేది. తలుపులోంచి వచ్చి టప్పున బుట్టలో పడింది. రిఫరీకి ధర్మసందేహం వచ్చింది, దీనికెన్ని ఇవ్వాలా అని. పోయినందుకొకటి, వచ్చినందుకొకటి ఇచ్చాడు. న్యాయమైన మనిషి."

పక్కన బస్సు వచ్చి ఆగింది. ఎక్కాల్సిన మనిషి ఒకాయన మెట్టుమీద కాలు పెట్టి, మళ్లీ దించేసి, మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మేస్త్రికి ఇంకేం కావాలి? గొంతు పెంచాడు.

"ఇప్పుడొక విషయం ఆలోచించండి. నూనె ఎక్కడిది? కుట్టుమిషనుది. ఒంట్లో పడ్డాక దాని గుణం చూపించకుండా ఉంటుందా? ఆడుతూ ఆడుతూ ఒకచోట ఆగింది. చూస్తే చాప చిరిగి ఉంది. టకటకటకమని కుట్టేసింది. జడ్జిగారు ఆశ్చర్యపోయి వంగి చూస్తున్నారు, ఆయన చొక్కా గుండీ వేలాడుతోంది. అదీ కుట్టి, దారం కొరికేసింది."

"ఏ రంగు దారం?" అన్నాడు టైలరు. వృత్తి మరి.

"తెల్లదే. చొక్కా తెల్లది. రోబో అయితే మాత్రం రంగు చూసుకోదా?"

"కొరకడానికి పళ్లెక్కడివయ్యా?" అన్నారు మాస్టారు, ఈసారి దొరికాడన్నట్టు.

"గేర్లకి పళ్లుండవా మాస్టారూ?"

మాస్టారు నోరు తెరిచి, టీ తాగి మూసుకున్నారు.

"ఇక ఆఖరి ఇరవై సెకన్లు. గుండె చిక్కబట్టుకోండి. కడ్డీ పట్టుకుని పైకి లేవాలి. అన్ని రోబోలూ లేచాయి, మనదీ లేచింది. కానీ మనది ఒక్కటే లేవలేదు. దాంతోపాటు కడ్డీ లేచింది, కడ్డీతో చాప, చాపతో నేల, నేలతో గోడలు, పదహారు జట్లూ, జడ్జీలూ, అందరితో కలిపి హాలు హాలంతా జానెడు పైకి లేచింది! కింద సందులోంచి ఎండ లోపలికి పడింది. బయట ఆపిన సైకిళ్ల చక్రాలు కనిపించాయి. జనం కేకలు, గోల. నేనొక్కణ్నే నిదానంగా ముందుకెళ్లి, 'చాలమ్మా, ఇక దించు' అన్నాను. దించింది. కానీ ఇదివరకు తూర్పు చూసే తలుపు ఇప్పుడు కాస్త ఈశాన్యం చూస్తోంది. ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు. దించాక ఆ రోబో మెల్లగా నా కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది. ఆగి ఒక్క మాట అంది. ఏమందో తెలుసా?"

"మామయ్యా!"

మా వెనకనుంచి వచ్చింది ఆ పిలుపు. మేస్త్రి చేతిలో టీ ఒలికింది. తిరిగి చూస్తే ఆయన మేనకోడలు, ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది.

"రామ్మా," అంది టీ కొట్టు అక్క. "నువ్వే చెప్పు. హాలు నిజంగా జానెడు లేచిందా?"

"మామయ్యా, మొదటి ఆట సంగతి చెప్పావా?" అంది ఆ పిల్ల.

మేస్త్రి గ్లాసులోకి చూశాడు. అందులో ఏదో పడినట్టు చాలాసేపు చూశాడు.

"చెప్పు," అన్నాడు చివరికి. "చెప్పెయ్."

ఆ పిల్ల ఫ్లాస్కు బల్లమీద పెట్టింది.

"మొదటి ఆటలో మా రోబో కదల్లేదండి. రెండున్నర నిమిషాలూ మధ్యలో అలాగే నిలబడిపోయింది. మాతో జోడీ కట్టినవాళ్లు పాపం ఒక్కళ్లే ఆడారు. మేం వైర్లన్నీ చూశాం, ప్రోగ్రాం చూశాం, ఏం తెలియలేదు. ఆఖరికి బ్యాటరీ చూస్తే ఖాళీ. రెండోదీ ఖాళీయే. రెండూ పొద్దున్నే ఛార్జింగులో పెట్టాం. వెళ్లి చూస్తే ఛార్జరు ప్లగ్గు పీకేసి ఉంది. అక్కడ మామయ్య ఫోను ఉంది."

టైలరు బల్లమీద ఒక్క చరుపు చరిచాడు. బస్సు వదులుకున్నాయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

"వీడియో తీద్దామని," అన్నాడు మేస్త్రి. "మా అక్క రాలేకపోయింది కదా. తీసి చూపిద్దామనుకున్నా. ఫోన్లో ఛార్జింగు లేదు."

మా నవ్వు అక్కడే ఆగిపోయింది.

"తెలుసు మామయ్యా," అంది పిల్ల. "మాకు కోపం వచ్చిన మాట నిజమేనండి. మాలో ఒకమ్మాయి ఏడ్చేసింది కూడా. మామయ్య బయట మెట్లమీద కూర్చుని మొహం ఎత్తలేదు. అప్పుడు మా టీచరు అడిగారు, 'ఆటకి ముందు బ్యాటరీ కొలిచి చూసింది ఎవరు?' అని. ఎవరూ చూళ్లేదు. పొద్దున పెట్టాం కదా, నిండే ఉంటుందిలే అనుకున్నాం. 'ఇదే వచ్చే నెల జరిగితే మనం తిన్నగా ఇంటికి రావడమే, ఇవాళ జరగడం మన అదృష్టం' అన్నారు. ఇంకో ఇరవై నిమిషాల్లో రెండో ఆట. నేను మెట్ల దగ్గరికెళ్లి, 'మామయ్యా, మాకు చక్రం పనుంది, నువ్వెళ్లి ఎవరినైనా బ్యాటరీ అడుగు' అన్నా. వెళ్లాడు. ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగి, 'ఛార్జరు పీకింది నేను, పిల్లల తప్పేం లేదు, అదనంగా బ్యాటరీ ఉంటే ఇస్తారా' అని అడిగాడు. ఆరు బల్లల దగ్గర లేదన్నారు. ఏడో బల్ల వాళ్లు ఎవరో తెలుసా? రెండో ఆటలో మాకు ఎదురాడేవాళ్లే. 'మీరు ఆడేది మాతోనే కదా' అని అడిగారట. 'అవును, మీతోనే' అన్నాడు మామయ్య. అయినా ఇచ్చేశారు. కదలని రోబో మీద గెలిస్తే మాకేం తెలుస్తుంది అన్నారట."

"గెలిచారా మరి?" అన్నారు మాస్టారు.

"ఓడిపోయామండి, నాలుగు పాయింట్ల తేడాతో. కానీ రోబో ఆడింది. తొమ్మిది బంతులు వేసింది. కడ్డీ పట్టుకుంది కానీ వేలాడలేకపోయింది, జారిపోయింది. స్క్రూడ్రైవరు మాత్రం నిజంగా మామయ్యదే. ఆ చక్రం మళ్లీ వదులవ్వలేదు."

పిల్ల మేస్త్రి పక్కన బల్ల అంచుమీద కూర్చుంది.

"నిన్న హడావుడిలో నీకు థాంక్స్ చెప్పలేదు మామయ్యా. ఇంటికెళ్లాక గుర్తొచ్చింది. మేం ఐదుగురం అనుకున్నాం, ఇకమీద ప్రతి ఆటకీ ముందు బ్యాటరీ కొలవాలని, ఛార్జరు దగ్గర ఒక పెద్ద మనిషి కాపలా ఉండాలని. ఎవరుండాలని ఓటు వేశాం. నీకే పడ్డాయి ఐదూ."

"నాకా?" అన్నాడు మేస్త్రి. "అంత చేశాక కూడానా?"

"ఆ ప్లగ్గు ఇంకెవరినీ ముట్టుకోనివ్వవు కదా నువ్వు!"

మేస్త్రి భుజంమీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు తుడుచుకున్నాడు. "వస్తానే," అన్నాడు. "మీ పిల్లల మనసు గొప్పది. ఇంకొకళ్లయితే నన్ను ఆ మెట్లమీదే వదిలేసి వెళ్లేవాళ్లు." టీ కొట్టు అక్క ఆయన చేతిలోని చల్లారిన గ్లాసు తీసుకుని వేడి టీ పెట్టింది.

టైలరు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"అమ్మాయీ," అన్నాడు. "రోబో గుండీ కుట్టిందంటే నమ్మాను. హాలు లేచిందంటే, పోనీలే, లేచిందేమో అనుకున్నాను. కానీ ఈ మనిషి ఏడు బల్లల దగ్గర నిలబడి, ఏడుసార్లూ ఉన్నది ఉన్నట్టు చెప్పాడా? మీ మామయ్య గాలి నీకూ సోకిందే తల్లీ!"

అందరం ఘొల్లున నవ్వాం. అందరికంటే గట్టిగా మేస్త్రే నవ్వాడు. నవ్వి నవ్వి, గ్లాసు పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

"ఏడేమిటయ్యా," అన్నాడు, "పదిహేను బల్లలూ…"

మేనకోడలు ఆయన మొహంలోకి చూసింది.

"ఏడే," అన్నాడు మేస్త్రి.