గుండ్రటి గీతలు

లోవమ్మ పెద్దకార్యం జరిగిన మర్నాడు పొద్దున, కొవ్వూరులో ఆమె అల్లుడు జయంత్ స్నానాలగది టబ్బులో గొంతుక్కూర్చుని గీతలు అరగదీస్తున్నాడు. అతని భార్య సత్యవాణి గుమ్మంలో నిలబడింది.

“అమ్మ పోయిందని ఫోనొచ్చిన రోజున కూడా మీరు ఈ టబ్బు దగ్గరే ఉన్నారండి.”

“ఉన్నాను. ఫోనొస్తుందని నాకు తెలుసా ఏంటి? ఆ మగ్గుతో నీళ్ళు ఇలా ఇయ్యి.”

“ఇదిగోండి.”

“ఛీ. ఇంకా వస్తోంది చూడు, నీచు కంపు. ఫినాయిలు పోశాం, నిమ్మకాయలు రుద్దాం. నీకు రావట్లేదా?”

“రావట్లేదు.”

“నీకు రాదులే.”

“ఏంటండి?”

“ఏం లేదు. జలుబు కదా నీకు, అందుకని.”

“ఆ జలుబుకనే అమ్మ తెచ్చింది పీతల్ని. రసం తాగితే పట్టు విడుస్తుందని.”

“తెచ్చింది, సరే. టబ్బులో ఎవరు పొయ్యమన్నారు? పళ్ళు తోముకుందామని తెల్లారి తలుపు తీస్తే, నల్లగా, బురదతో, ఒకదాని మీద ఒకటెక్కి పాకుతున్నాయి. ఒకటి నన్ను చూసి కాలెత్తింది కూడా. అప్పట్నించీ నాకు వంకాయ కూర కూడా దిగట్లేదు తెలుసా?”

“ఆ ఒక్క రాత్రికే అండి. బకెట్లో ఇరుకైపోయి చచ్చిపోతాయని. వండటం పక్కింటి రూతు గారింట్లోనే అనుకుంది. మన గిన్నెలు ముట్టుకోలేదు.”

“ముట్టుకోలేదు, ఒప్పుకుంటాను. టబ్బొక్కటే ముట్టుకుంది. కస్టమరు అడిగినా ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకున్నాను దీన్ని. శానిటరీ షాపువాడి ఇంట్లో ఇలాంటి టబ్బా? ఈ గరుకు పేపరుతో పనైంది, నున్నటిది ఇయ్యి.”

“కాస్త ఆపుతారా?”

“ఎలా ఆపుతాను? మా అమ్మ సామర్లకోటలో రైలెక్కేసింది. ఇంకా నున్నగా తీసి, లోతు గీతల్లో తెల్ల లప్పం పెట్టి, ఆరాక పాలిష్ కొట్టాలి. ఎక్కడైనా గీత కనపడి అడిగిందనుకో, షాపులోనే పడ్డాయని చెప్పు. పీతల మాట ఎత్తకు.”

“ఎందుకు?”

“ఎందుకేంటి? తెలిస్తే ఆవిడ ఈ గదిలో కాలు పెడుతుందా? అయినా మీ అమ్మ పరువు కోసమే కదా చెప్తున్నాను. పోయినావిణ్ణి ఎవరో ఏదో అంటే నీకు బావుంటుందా?”

“మీరు అన్నారు కదండి.”

“నేనేమన్నాను?”

“సాయంత్రం మీరొచ్చేసరికి ఇంట్లో కంపు ఉండకూడదన్నారు.”

“కంపు అన్నాను. ఆవిణ్ణి అన్లేదు. వెళ్ళిపొమ్మని అన్లేదు కదా?”

“అన్లేదు.”

“మరి? మనం ఇంటికి చేరేసరికి ఆవిడే వెళ్ళిపోయింది. నాకూ బాధగానే... అబ్బ, ఇదేంటి? ఛీ, ఛీ. నీళ్ళు పోయే ఈ జాలీలో చూడు. పీత కాళ్ళకుండే బొచ్చు. ఎర్రగా. నువ్వు తియ్యి, నా వల్ల కాదు.”

“ఇది బొచ్చు కాదండి.”

“మరేంటి? ముక్కు దగ్గర పెట్టుకోకు. దాని కింద ఇసక కూడా. ఏట్లో ఉన్న ఇసకంతా నా టబ్బులోనే దులుపుకున్నాయి.”

“ఆ గీతలు ఓసారి సరిగ్గా చూడండి. గుండ్రంగా లేవూ?”

“ఉన్నాయి. తిరిగి తిరిగి గీకాయి, వెధవవి.”

“పీతలు అడ్డంగా నడుస్తాయండి.”

“నీ పాఠం స్కూల్లో చెప్పుకో. ఇదొకటి చూడు, విచిత్రం. కుళాయి కింద ఈ మూల మాత్రం అద్దంలా ఉంది. ఇటు రాలేదేంటి అవి?”

“ఆ రోజు మీరు షాపుకి వెళ్ళగానే అమ్మ పీతల్ని రూతు గారికి ఇచ్చేసిందట. నిన్న కార్యం దగ్గర ఆవిడే చెప్పారు. అప్పటికి టబ్బు మీద గీతలు లేవట.”

“లేకపోతే ఇవెక్కడివి?”

“మావాళ్ళు గిన్నెల నీచు పోవాలంటే ఇసకేసి కొబ్బరిపీచుతో తోముతారండి. ఆ రోజు నేను స్కూల్లో ఉన్నాను. మీరు కంపన్నారని, వీధిలోంచి ఇసక తెచ్చుకుని, మీరిప్పుడు కూర్చున్నట్టే టబ్బులో కూర్చుని తోమిందట. రూతు గారు అన్నానికి పిలిస్తే, ఇది అయ్యాక తింటానందట.”

“వాణీ...”

“నున్నటి పేపరు ఇదిగోండి.”

“ఉండు. మరి ఈ మూల...”

“ఆ మూల తోమడం మిగిలిపోయింది. బస్సు వేళైందని లేచిందట.”