ఎండల ప్రణాళికలో రెండు వందల రగ్గులు

వేదిక మీదున్న అధ్యక్షులవారికి, నన్ను సాగనంపడానికి ఇంత ఉత్సాహంగా తరలివచ్చిన సహోద్యోగులకు (నవ్వులు), వెనక వరుసల్లో కూర్చున్న మా వీధుల పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

మన నగరపాలక కార్యాలయంలో ఎండల ప్రణాళిక నాకప్పగించిన రోజున, ప్రజల్ని అడక్కుండా ఒక్క అక్షరం రాయొద్దన్నారు. అడిగాను. తొమ్మిదేళ్ళపాటు ఏటా వేసవిలో ఇదే ఏసీ హాలుకి పిలిచి, గంటసేపు కూర్చోబెట్టి, "ఇప్పుడు మీకెలా ఉంది?" అన్న కాగితం చేతికిచ్చాను. అందరూ నిజాయితీగా "చలేస్తోంది" అని రాశారు. దాంతో ఎండల ప్రణాళిక కింద రెండు వందల రగ్గులు మంజూరయ్యాయి. (నవ్వులు) మీరు నవ్వకండి ఇంజనీరుగారూ, రంగు ఎంచింది తమరే.

పోయినేడు, వీధంతా ఇస్త్రీ అక్క అని పిలిచే ఆవిడ లేచింది. "సారూ, ఇక్కడ కూర్చోబెట్టి అడిగితే ఏం చెప్తాం? మధ్యాహ్నం రెండింటికి మా రేకుల గదికొచ్చి అడగండి" అంది. మా ఎండల కమిటీ మొత్తం వెళ్ళాం. వేడి అంటే ఏమిటో తేల్చాలని నాలుగేళ్ళు వాదించిన ఇంజనీరుగారు పన్నెండో నిమిషంలో బకెట్లో కాళ్ళు పెట్టుకుని, "తేల్చొద్దండీ, మంచినీళ్ళివ్వండి" అన్నారు.

ఏ గోడ నీడ ఎన్నింటిదాకా ఉంటుందో, జనం చల్లగా కూర్చోడానికి బడి హాలు ఏ వేళ తెరవాలో, ఆ రోజు వీధివాళ్ళు చెబుతుంటే రాసుకున్నాను. ఒకటే పేజీ. పైకి పంపితే, "వేడి ఉన్నట్టు ఆధారం జతచేయలేదు, పాత రికార్డుల ప్రకారం ప్రజలకు చలి" అని తిరిగొచ్చింది. నేను బుద్ధిగా జవాబు రాస్తూ కూర్చున్నాను. ఈ వేసవి మొదట్లో ఇస్త్రీ అక్క వాళ్ళత్తగారు ఆ గదిలోనే పోయింది.



నాకు సిగ్గుగా ఉంది. ఇంతకన్నా మర్యాదగా చెప్పడం చేతకాదు.

అధ్యక్షులవారూ, మీరిచ్చిన జ్ఞాపిక చాలా బాగుంది. దాని కిందున్న కాగితం ఆ పేజీయే. సాయంత్రం ఐదింటిదాకా నేనింకా ఉద్యోగినే కాబట్టి, మంజూరుకి కావలసిన మీ సంతకం అయ్యేదాకా మైకు వదలను. ఆహా, పెన్ను తీస్తున్నారు... కాదు, కళ్ళజోడు. (నవ్వులు) చదవండి, పర్వాలేదు. అక్కా, నువ్వు కూర్చోమ్మా. "మీరు కానివ్వండి సారూ, నేనిలా నిలబడే ఉంటా" అంటోంది.

అయింది! (చప్పట్లు) తేదీ కూడా వేయండి సార్.

అందరికీ కృతజ్ఞతలు. ఈ కాగితం ప్రకారం మూడింటికి ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళ తలుపులు తట్టి, పలికేదాకా నిలబడాలి. రేపటి నుంచి నేనూ ముసలివాణ్ణే, అయినా తట్టే పనికి వస్తాను. ఇప్పుడు మూడుకి పది నిమిషాలుంది. అక్క అప్పుడే చెప్పులేసుకుంటోంది. నాకూ సెలవిప్పించండి.