కిందికొచ్చినప్పుడల్లా నవ్వు

క్రిస్మస్‌కని గ్లాస్గో నడిబొడ్డున నిలబెట్టిన జెయింట్ వీల్ కింద, చినుకుల్లో తడుస్తూ భార్యాభర్తలిద్దరు మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ కూతురు ఫ్లోరా నాయనమ్మతో కలిసి పైన తిరుగుతోంది.

“దిగగానే నువ్వే చెప్పు, మనం విడిపోతున్నామని.”

“ఇల్లు వదిలి పొమ్మన్నది నువ్వు. చెప్పడం మాత్రం నేనా?”

“ముందు బట్టలు సర్దుకున్నది ఎవరు మరి? అదుగో, ఫ్లోరా కిందికొస్తోంది. నవ్వు!”

“నవ్వుతూనే ఉన్నా. నువ్వు చెయ్యి ఊపు... హమ్మయ్య, పైకి వెళ్ళింది. ఈ పండగ కూడా కానిద్దాం.”

“పోయినేడూ ఇదే మాట అన్నావు. ఈ నాటకం ఇక నా వల్ల కాదు.”

“అరవకు, జనం చూస్తున్నారు.”

“చూస్తే చూడనీ! పిల్లకి తెలియకపోతే చాలు. మళ్ళీ వచ్చేస్తోంది. దగ్గరికి జరుగు, నా భుజం మీద చెయ్యి వెయ్యి.”

“వేశాను. ఇదేంటి, మనల్ని చూసి కూడా మొహం తిప్పేసుకుంది?”

“చలేస్తోందేమో.”

“చలి కాదు. పైనుంచి ఊరంతా కనిపిస్తుందని మనమే చెప్పి ఎక్కించాం. మరి మనం కనబడమా?”

“చెయ్యి తీసెయ్యి.”