రెండో చరణంలో గొంతు

ఇక ఆ నల్లద్దాలు తీసెయ్ బామ్మర్దీ, నీకు పుణ్యముంటుంది. కిటికీయే లేని గది ఇది, నీ కళ్ళలో కొట్టే ఎండ ఎక్కడుందిక్కడ? ఇందాక మైకు స్టాండుని కూడా తన్నుకున్నావ్.

మాట్లాడకు, మాట్లాడకు. పది రోజులు గొంతు విప్పకూడదని డాక్టరమ్మ చెప్పిందట కదా. మీ అక్క ఫోన్ చేసి మరీ చెప్పింది. గుసగుసలు కూడా వద్దందట. ఆ డాక్టరమ్మకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. నాకు పెళ్ళైన పద్నాలుగేళ్ళలో నువ్వు నోరు మూసుకుని నా ఎదురుగా కూర్చోవడం ఇదే మొదటిసారి.

ఏంటి, ఫోన్లో ఏదో కొట్టావ్. ఇలా చూపించు. శనివారం షోకి పాటలోంచి నీ గొంతొక్కటీ విడదీసి ఇవ్వాలా? స్టేజీ మీద నువ్వు పెదాలు కదుపుతావా?

ఓహో.

మరి మొన్నటిదాకా ఏమన్నావ్? పెదాలు కదిపేవాళ్ళంతా బొమ్మలు, మేం మాత్రం నిజం అని ఇదే గదిలో ఓ పాట పొడుగునా తిట్టావు కదరా. రికార్డ్ చేసింది నేనేగా. 'నిజం' అన్న మాట దగ్గర ఊపిరాడక ఏడు టేకులు తీసుకున్నావ్.

అసలు గొంతెలా పోయింది? పాడి పోయుంటే నేనూ సంతోషించేవాణ్ణి. నీలాగే ర్యాప్ చెప్పే ఆ కత్తిగాడితో ఫోన్ లైవ్‌లో మూడు గంటలు అరుచుకుని పోగొట్టుకున్నావ్. నువ్వు వాడి వంశాన్ని తిట్టావ్, వాడు నీ వంశాన్ని తిట్టాడు, లోకమంతా కూర్చుని చూసింది. వాడూ రికార్డింగ్‌కి వచ్చేది ఇక్కడికేగా. వాడికి పదింటికి, నీకు పన్నెండింటికి. మధ్యలో గంట ఖాళీ ఎందుకు ఉంచుతాననుకున్నావ్? మెట్ల మీద ఎదురుపడి మీరిద్దరూ భుజాలు తట్టుకుంటుంటే ఎవడైనా ఫొటో తీస్తాడని. శత్రువులట. ఇద్దరూ తిట్టుకున్నదీ ఒకే దరువు మీద. ఇంటర్నెట్లో ఊరికే దొరికిన దరువది. అది కూడా మీకు నేనే చెప్పాల్సొచ్చింది.

ఇరవై రెండేళ్ళ నుంచి ఈ కుర్చీలో కూర్చుంటున్నాను. బస్టాండు అనౌన్స్‌మెంట్లు చేశాను, బడిపిల్లల పాఠాలు చేశాను, దుప్పట్ల షాపు ప్రకటనలు చేశాను. ఆ దుప్పట్లాయన కూడా తన సరుకు ఒకసారి కప్పుకుని చూసి వచ్చి మాట్లాడాడు. మీ జట్టులో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, తను చూసింది చెప్పడు. ఆకలంటారు, రక్తమంటారు, చీకటి సందులంటారు. నీకు ఇంజెక్షన్ చెయ్యాలంటే ఇప్పటికీ ఇద్దరు పట్టుకోవాలి.

ఊఁ, వస్తున్నా, ట్రాక్ సంగతికే వస్తున్నా. ఆ తొందరేంటి? నువ్వెలాగూ పోయి పాడేది లేదు.

మీ అమ్మగారు ఫోన్ చేశారు నాకు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. పక్కింటావిడ నీ పాట విని వచ్చి, పాపం మీరు ఏ ఆసుపత్రిలో బట్టలుతికేవారండీ అని అడిగిందట. "నేనెప్పుడు ఉతికాను బాబూ, వీడి చొక్కాలు కూడా మిషనే ఉతికేది కదా," అని నన్నడిగారు. ఏం చెప్పమంటావ్? ఉతికింది మీరు కాదు, మా అమ్మ అని చెప్పనా?

తల దించుకోకు. నాకు ఒళ్ళు మండుతుంది.

ఆసుపత్రి లాండ్రీలో పంతొమ్మిదేళ్ళు చేసింది మా అమ్మ. మందు నీళ్ళలో నాని నాని అరచేతులు మొద్దుబారిపోయాయి. వేడీ తెలీదు, చల్లనా తెలీదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే చేత్తో చూడ్డం కుదరక, తన చెంప తెచ్చి నా నుదుటికి ఆనించేది. నీకెవరు చెప్పారివన్నీ? నేనేగా. కరెంటు పోయిన రోజు పనేం లేక, ఇక్కడే కూర్చుని చెప్పాను. వారం తిరక్కుండా అవన్నీ నీ పాటలో నీ తల్లి కష్టాలైపోయాయి. మాటవరసకైనా అడిగావా?

అయినా పోనీలే అనుకున్నాను. బామ్మర్దివి, ఏమంటాం.

రికార్డింగ్ రోజు గుర్తుందా? రెండో చరణం, మీరేదో వెర్స్ అంటారే, అదే. పదహారు లైన్లని ఎనిమిది ముక్కలుగా చెప్పావ్. రెండు లైన్లు, ఓ గుటక నీళ్ళు. రెండు లైన్లు, ఓ ఫొటో. నీ ఆయాసం కోసేసి, ముక్కకి ముక్క అతికించుకుంటూ కూర్చున్నాను. అది నా పని, కాదనను. ఆ జ్వరం లైను దగ్గరికొచ్చేసరికి, హెడ్‌ఫోన్ పక్కకి జరిపి అడిగావ్. బావా, ఇక్కడ తుపాకీ సౌండ్ పడితే ఎలా ఉంటుంది?

మా అమ్మ చెంప దగ్గర తుపాకీ.

ఆ రోజు నిన్ను మెట్ల మీంచి తోసేద్దును. మీ అక్క మొహం చూసి ఊరుకున్నాను.

నిన్నూ, నీ వెనకాల నిలబడి తలలూపే ఆ నలుగురినీ టీకి పంపాను కదా? మీరు దిగిపోయాక తలుపేశాను. ఫ్యానాపాను. ఆ మైకు గదిలో దూరి రెండో చరణం మొత్తం నేను చెప్పాను. ఆగకుండా, ఏకబిగిన. ఒక్క ఊపిరి కూడా కొయ్యలేదు.

అలా చూడకు. అవును, నేనే. అందరూ మెచ్చుకునే ఆ రెండో చరణంలో ఉన్నది నా గొంతు.

నీ గొంతుకి పెట్టే మిషనే నా గొంతుకీ పెట్టాను. అది పెట్టి దరువు మోగించాక నువ్వైనా నేనైనా కింద టైర్ల షాపాయనైనా ఒక్కలాగే ఉంటారు. టీ తాగొచ్చి విన్నావ్. ఇరగదీశాను బావా అన్నావ్. అది నువ్వే అనుకున్నావ్ చూడు, అక్కడ పోయింది నాకు నీ మీదున్న కాస్త గౌరవం. నాలుగు నెలల్లో ఎన్ని వందల సార్లు విన్నావో. నెట్లో పాట కింద జనం ఏం రాశారో చదవడమే తప్ప, ఈ గొంతు నాది కాదే అని ఒక్కసారైనా తట్టిందా?

అందుకే నీ గొంతు విడిగా ఇవ్వను. దరువు తీసేసి వింటే ఎవరికైనా తెలిసిపోతుంది. మీలో ఒకడి చరణం ఇంకొకడు చెప్పడమంటే తల కొట్టేసినంత పని కదా? ఆ ఫైలు కత్తిగాడి చేతికి చిక్కిందా, ఇక నువ్వు టోపీలమ్ముకోవాల్సిందే.

ఏంటి కొట్టావ్? ఎవరికీ చెప్పొద్దా? కాళ్ళు పట్టుకుంటావా?

వద్దు, కూర్చో. ఎవరికి చెప్తాను? చెప్పాల్సిన మనిషికే చెప్పలేకపోయాను.

మొన్న ఆదివారం, మా అమ్మ మోకాళ్ళకి మర్దన చెయ్యడానికొచ్చే అమ్మాయి ఫోన్లో నీ పాట పెట్టుకుంది. మొదటి చరణానికి మా అమ్మ మొహం చిట్లించింది. నీదేలే అది. రెండోదానికి చెయ్యి ఎత్తి ఆ అమ్మాయిని ఆగమంది. మళ్ళీ పెట్టమంది. చెవి దగ్గర పెట్టుకుని వింది. ఆవిడకి వినపడేదే అంతంతమాత్రం, గొంతు పోల్చుకోలేదు. "పాపం, ఆ తల్లి చేతులూ నా చేతుల్లాంటివే," అంది.

నేనక్కడే ఉన్నాను, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. అది నేనేనమ్మా అంటే అయిపోయేది. పదహారు లైన్లు ఆగకుండా చెప్పినవాణ్ణి, ఆ ఒక్క ముక్క చెప్పలేకపోయాను. ఆవిడా నేనూ ఒకే ఇంట్లో ఉంటాం బామ్మర్దీ. వెళ్తూ మాత్రేసుకున్నావా అంటాను, వచ్చి తిన్నావా అంటాను. నలభై ఆరేళ్ళలో ఆవిడ చేతుల గురించి ఆవిడతో ఒక్కసారీ మాట్లాడలేదు. నీకు చెప్పాను. మైక్కి చెప్పాను, అదీ నీ పేరు మీద.

అంతటితో అయిపోలేదు. మీ స్టూడియోకి ఇలాంటి పిల్లలు వస్తారు కదా, ఆ అబ్బాయి కనబడితే ఓ మాట చెప్పు నాయనా అంది. ఏంటమ్మా అన్నాను.

"చేతులకి ఏమీ తెలీదని పాడాడు, పిల్లాడు, వాడికేం తెలుసు. మొద్దుబారినా లోపల మంట మాత్రం పోదు. పడుకోబోయే ముందు నూనె రాసి తడిగుడ్డ చుట్టుకోమని వాళ్ళమ్మకి చెప్పమను. నేను రోజూ అదేగా చేసేది," అంది.

రోజూనట. నేను పక్క గదిలోనే పడుకుంటాను.

నాకు తెలీదు. ఆ చేతులకి ఏమీ తెలీదనే అనుకుంటూ పెరిగాను, అదే నీకు చెప్పాను, అదే పాడాను. చూడకుండా చెప్తారని మిమ్మల్నందర్నీ తిట్టిపోస్తున్నాను కదా, నేను చెప్పిందీ అంతే.

తీసుకుపో. దరువుతో కలిపే ఇస్తాను, ఎవరికీ తెలీదు. శనివారం పోయి పెదాలు కదుపుకో. తప్పుడు చరణానికి ఎవడు కదిపితే ఏంటి?