వద్దనలేక

టోంగాలో ఒక చర్చి వంటగది. పక్క హాల్లో నాట్యం చేసేవాళ్ళు పాట కోసం ఎదురుచూస్తున్నారు. తల్లీ కూతుళ్ళు లాప్‌టాప్ ముందున్నారు.

"మీ అమ్మమ్మ పోయేముందు కట్టిన పాటలో ఈ ప్రశ్నార్థకాలేంటే? ఏమైనా అపశకునమా?"

"శకునం కాదమ్మా. కంప్యూటర్‌కి ప్రతి అక్షరం ఓ అంకె. పైన అడ్డగీత ఉన్న మన టోంగా అక్షరాల అంకెలు, మనం టైప్ చేసే ఈ ఎడిటర్‌కి తెలీవు. 'ఇవి పోతాయి, అయినా సేవ్ చేయనా?' అని అడిగుండాలే."

"అడిగింది."

"నువ్వేమన్నావ్?"

"అంత మర్యాదగా అడిగితే వద్దని ఎలా అంటాం? సరే అన్నాను."

"అయ్యో అమ్మా, ఆ అంకెలు చెరిగిపోయాయి. ఇంకో కాపీ కూడా లేదు."

"ఏదో అవుతుందని నాకు ముందే భయం. అందుకే రోజూ పాడుకుంటూనే ఉన్నా."

"మొత్తం వచ్చా నీకు?"

"రాకేం."

"అయితే పాడు, టైప్ చేస్తా."

"పాడతాలే గానీ, ఆ కంప్యూటర్ మళ్ళీ అడిగితే వద్దనే ధైర్యం నీకుందా?"