తెర మీది పిల్లాడు

ఆ రోజు తెల్లవారుజాము నుంచీ మబ్బు విడవలేదు, జల్లు పడుతూనే ఉంది. రోజూ సీరియల్ వేళకు బయటికి జారుకునే తాపీమేస్త్రి ఇంట్లోనే చిక్కుకుపోయాడు. భార్య టీవీ పెట్టింది.

"వార్తలు పెట్టవే."

"వార్తలెక్కడికీ పోవు. మళ్లీ వేస్తున్న ఈ పాత సీరియల్లో మన అబ్బాయి కనిపించేది ఇంక ఇవాళ ఒక్కరోజేనండీ."

"వాడు పోయి ఏడాదైనా కాలేదు. నీకెలా చూడబుద్ధవుతుంది?"

"ఇందులో వాడికింకా ఎనిమిదేళ్లే."

"ఆపు."

"అప్పట్లో పని మానుకుని వీధి వీధంతా పిలిచి కూర్చోబెట్టింది మీరేగా? మా అన్నయ్య దగ్గితే కూడా కసిరారు."

"మీ అన్నయ్యది దగ్గా? ఉరుము! అయినా అప్పుడు వాడు నా పక్కనే ఉండేవాడు. తెర మీద చూసి ఇటు తిరిగితే, ఇక్కడా కనిపించేవాడు."

ఆమె సౌండు కాస్త తగ్గించింది.

"ఇవాళ ఏమవుతుంది కథలో?"

"చదువుకి పట్నం పోతూ, బస్సు కిటికీలోంచి చెయ్యూపుతాడు. రేపట్నుంచి పెద్దవాడైపోతాడు. ఆ వేషం ఇంకెవరో వేశారు."

"చెయ్యి ఊపడం ఎన్నిసార్లు చేయించారో షూటింగు రోజు. నవ్వు ఆపుకోలేకపోయాడు వెధవ."

"మొదలైంది, రండి."

"సౌండు పెంచు."

సీరియల్ అయ్యాక ఆమె అన్నం వడ్డించింది. ఆయన తన కంచం ఆమె పక్కకు జరుపుకున్నాడు.